మరియమ్మ కోళ్లగూటి వెదురు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా రేపట్నుంచి నా కాఫీలో పంచదార పడదు. ఇంతకన్నా పెద్ద ఒట్టు నాకు తెలియదు.

1974. విజయవాడకు బస్సులో గంట దూరంలో, ఒక పశువుల ఆసుపత్రిలో నేను కాంపౌండర్ని. పెంపుడు కోళ్లలో మనుషులకు పాకే పురుగులున్నాయేమో చూడటం నా పనుల్లో ఒకటి. స్క్రీనింగ్ అనేవాళ్లం. పొద్దున్నే గంపలో కోళ్లను తెస్తే, ఈకలు విప్పి చూసి, రెట్టను స్లైడు మీద పూసి మైక్రోస్కోపు కింద పెట్టేవాణ్ణి.

ఒక శనివారం మరియమ్మ నాలుగు కోళ్లతో వచ్చింది. హాస్టల్లో వంటమనిషి. చేతులనిండా దద్దుర్లు.

"గజ్జని వార్డెనమ్మగారు వంటింట్లోకి రానివ్వట్లేదండీ. సోమవారానికి సంగతి తేలకపోతే వేరే మనిషిని పెట్టుకుంటారంట. మందు రాసి పదిరోజులైనా తగ్గలేదు. నాకు ఈ కోళ్ల మీదే అనుమానం."

అన్నీ చూశాను. ఏమీ లేదు.

"మీ కోళ్లు నాకన్నా శుభ్రంగా ఉన్నాయమ్మా."

ఆమె నా చొక్కా వైపు చూసింది. "అదేమంత గొప్పలెండి."

ఆ మాటకు పౌరుషం వచ్చి మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. పంచలో కోళ్లగూడు, దాన్నానుకుని ఆమె మంచం. పది అడుగుల దూరం నుంచే, కోళ్లు వాలే వెదురు చీలికలో ఎర్రటి చుక్క కదలడం కనిపెట్టాను. వెదురు చీలిస్తే బూడిద రాలినట్టు రాలాయి. రెడ్ మైట్. నల్లిలాగే పగలు సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక కోడి రక్తం తాగే పురుగు. పక్కన మనిషి పడుకుంటే మనిషినీ కుడుతుంది. కోడి గంపలో మా దగ్గరికొచ్చేది, పురుగు ఇంటి దగ్గరే ఉండిపోయేది. ఆ పద్ధతిలో ఎన్నేళ్లు చూసినా మాకు దొరకదు.

వెదుళ్లు తగలబెట్టించి, గూటికి కిరోసిన్ పూయించి, సున్నం కొట్టించాం. మంచం ఇంట్లోకి మారింది. ఇది గజ్జి కాదు, మనిషి నుంచి మనిషికి అంటదని మా డాక్టరుగారు ఉత్తరం రాసిచ్చారు. సోమవారం మధ్యాహ్నం హాస్టల్లో పప్పుచారు మరియమ్మే కాచింది.

కోడిని చూడమంటే అది పడుకునే చోటునీ చూడాలని ఆవేళ నేర్చుకున్నాను.

ఇక ఆ పది అడుగుల చూపు నా కల్పన. గూటిలో నాకేమీ కనపడలేదు. "ఆ వెదురు చీల్చి చూడండి" అన్నది మరియమ్మ. కోళ్లే శుభ్రంగా ఉంటే వెదురుకేం రోగమని వాదించినవాణ్ణి నేను. ఆమె లోపలికెళ్లి కత్తి తెచ్చుకుంది.

ఒట్టు సంగతంటారా, షుగరుందని డాక్టరు నా కాఫీలో పంచదార మాన్పించి ఆర్నెల్లయింది.