పూలమ్మ పెట్టిన వంటావార్పు

నాకు కోపం ఎక్కువ. మా ఆవిడ ఇందిరాదేవి ఈ మాట పెళ్ళయిన మూడో రోజు నుంచీ చెబుతూనే ఉంది. తెనాలి నుంచి వచ్చి మూసీ మీది నాగోలు వంతెన దగ్గర టిఫిన్ హోటల్ పెట్టుకున్నవాణ్ణి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, ఆఫీసుల్లేవు, బడుల్లేవు. రుబ్బిన పిండి రుబ్బినట్టే పులిసిపోతుంటే మనిషికి నవ్వెలా వస్తుందండీ? అలాంటి రోజుల్లో నన్ను కడుపుబ్బ నవ్వించిన మహాతల్లి పూలమ్మ.

ఆవిడది మూసీ దిగువన, వలిగొండ దగ్గర పల్లె. పెళ్ళయ్యాక భర్త మైసయ్యతో ఇక్కడికి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఏటి ఒడ్డున గడ్డి పెంచి, కోసి, మోపులు కట్టి పాడిగేదెల వాళ్ళకు అమ్ముతోంది. నీటి అంచున ఒక వెదురు బొంగు పాతి, జానెడుకొకటి చొప్పున గుడ్డపీలికలు కట్టింది. రోజూ పొద్దున్నే ఎన్ని పీలికలు మునిగాయో చూసొచ్చి, నా హోటల్లో టీ తాగుతూ, "ఇయ్యాల బెత్తెడు దిగింది సారూ" అనేది. నేను అడిగానా? లేదు. అయినా చెప్పేది.

సమ్మెకు ముందటేడు ఒకసారి నీళ్ళొస్తున్నాయని కేకలేసి, పల్లంలో ఉన్న ఇరవై గుడిసెల వాళ్ళచేత మూటాముల్లె సర్దించి రోడ్డెక్కించింది. ఆ నీళ్ళు గుడిసెలకు మూరెడు దూరంలో ఆగి వెనక్కి పోయాయి. మూరెడంటే మూరెడే! కానీ ఎగతాళి చెయ్యడానికి జనానికి అది చాలదూ? అప్పట్నుంచీ ఆవిడకు 'వరద పూలమ్మ' అని పేరు పెట్టారు.

సమ్మెలో ఒక రోజు పొద్దున ఎనిమిదింటికి వచ్చింది. టీ అడగలేదు.

"సారూ, మూసీ కంపు కొడ్తలేదు."

"శుభం! ఇన్నాళ్ళకు దేవుడు కరుణించాడు" అన్నాను.

"నవ్వకు సారూ. కంపు పోయిందంటే పైకెల్లి కొత్త నీళ్ళు కలిసినట్టు. నల్లటి నీళ్ళు ఎర్రగైనయ్. నిన్న చేవెళ్ళ దిక్కు మస్తు వాన పడ్డదని మా మరిది ఫోన్ జేసిండు. తెల్లారినకాడికెల్లి నాలుగు పీలికలు మునిగినయ్. పొద్దు నెత్తిమీదికొచ్చేసరికి గుడిసెలల్ల నడుం లోతు ఉంటది."

టీవీ పెడితే సమ్మె వార్తలు తప్ప ఇంకేం లేవు. ఆఫీసుల్లో ఎవరికి ఫోన్ చేసినా మోగి మోగి ఆగిపోతోంది. సరేనని పూలమ్మ వెంట పల్లంలోకి దిగాను.

మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్న అంతయ్య మమ్మల్ని చూడగానే, "ఏం వరద పూలమ్మా, ఈసారి గూడ మూరెడేనా?" అన్నాడు. గుడిసెల ముందున్న వాళ్ళంతా పకపకా నవ్వారు. అన్నిటికంటే కింద, నీటికి దగ్గరగా ఉన్న గుడిసెలో శ్రీకళ అనే పిల్ల పదకొండు రోజుల బాలింత. వాళ్ళత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇరవై ఒకటి గాకముందే పసిగుడ్డును బయటికి దెస్తమా? నీకేమన్న దిమాక్ ఉన్నదా?"

"నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి! మీ నోట్ల మన్నువడ!" అని తిట్టి పూలమ్మ ఇవతలికి వచ్చింది. బొంగు వైపు చూస్తే ఇంకో పీలిక మునిగి ఉంది. నాకు నిజంగా భయం వేసింది.

అప్పుడే జెండా కట్టిన ఆటోలో, మైకు పట్టుకుని యోగేందర్ వచ్చాడు. ఆ వాడలో ఉద్యమానికి నాయకుడు అతనే. ఎవరూ ఎన్నుకోలేదు, తనే అయ్యాడు. పూలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏం యోగేందరూ, ఇంక ఈడనే ఉన్నవ్? పదకొండింటికి మెయిన్ రోడ్డు మీద వంటావార్పట గదా! నీకు తెల్వదా?"

నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే అందరూ కలిసి తినడాన్ని వంటావార్పు అనేవాళ్ళు. ఆ సమ్మెలో అది చౌరస్తాకొకటి జరిగేది. యోగేందర్ రెండు క్షణాలు తెల్లమొహం వేశాడు. నాయకుడికి తెలియని పిలుపు గడ్డికోసే పూలమ్మకు తెలిసిందంటే పరువేం కావాలి?

"ఎందుకు తెల్వదు పెద్దమ్మా! గదే చెప్పనీకి ఒచ్చిన" అన్నాడు.

నేను నవ్వు బిగపట్టుకున్నాను. పూలమ్మ మాత్రం తొణకలేదు. "మూడు దినాలట గదా! చద్దర్లు, గిన్నెలు, బియ్యం అన్నీ తెచ్చుకోవాలెనట. రాషన్ కార్డులు గూడ."

"కార్డులెందుకు?" అన్నాడు అంతయ్య.

"పేర్లు రాసుకుంటరట."

"మేకలో?"

"టీవీలోళ్ళకు మేకలంటే పానం. తోల్కరా."

యోగేందర్ ఇదంతా మైకులో అరిచి మరీ చెప్పాడు. వరదంటే కదలని మనుషులు వంటావార్పు అనేసరికి గంటలో గుడిసెలు ఖాళీ చేశారు. అందరికంటే ముందు అంతయ్యే, మంచంతో సహా! శ్రీకళ అత్తకూ పోవాలని ఉంది, బాలింతను వదిలి పోలేదు. మా ఆవిడ స్వయంగా దిగి వెళ్ళి, "మా హోటల్ వెనకగదిలో గాలి కూడా తగలదమ్మా, నాది పూచీ" అని తల్లినీ బిడ్డనూ తీసుకొచ్చింది.

"సారూ, నీ పెద్ద గుండిగ గావాలె" అంది పూలమ్మ.

"నా వ్యాపారం ముంచిన సమ్మెకు నా గుండిగ కూడానా?" అని ఎగిరిపడ్డాను. ఆవిడ అప్పటికే దాని అంచు పట్టుకుని ఉంది. గుండిగ ఇచ్చాను. పైగా పులిసిన పిండంతా బయటికి తెచ్చి బాణలి పెట్టి పునుగులు వేశాను. ఇరవై పొయ్యిలు మండుతున్నాయి, డప్పులు మోగుతున్నాయి, ఆడవాళ్ళు పాడుతున్నారు. చాలా రోజుల తర్వాత నా హోటల్ జనంతో కళకళలాడింది. నిజం చెప్పొద్దూ, నాకు పండగలాగే ఉంది.

పన్నెండున్నరకు వంతెన దగ్గర ఎవరో కెవ్వుమన్నారు. అందరం పరిగెత్తాం. ఎర్రటి నీళ్ళు గుడిసెల్లోకి దూరుతున్నాయి. చూస్తుండగానే నడుం లోతు దాటి, కప్పుల దాకా వచ్చాయి. శ్రీకళ గుడిసె ఒక పక్కకు ఒరిగి, అలాగే కొట్టుకుపోయింది. డప్పులు ఆగిపోయాయి. మైసయ్య ఇంటింటి పేరూ పిలిచి మనుషుల్ని లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు. మేకలతో సహా.

శ్రీకళ అత్త మా వెనకగదిలోకి పరిగెత్తి బిడ్డను చూసుకుంది. తిరిగొచ్చి పూలమ్మను వాటేసుకుని భోరుమంది. "ఏడ్వకు అక్కా, అన్నం మాడ్తది" అంది పూలమ్మ. జనం ఒక్కసారిగా నవ్వారు. మళ్ళీ డప్పులు అందుకున్నాయి.

సాయంత్రం పూలమ్మ మా వెనకగది గుమ్మంలో కూర్చుని, బిడ్డను ఒళ్ళో వేసుకుని జోకొడుతుంటే యోగేందర్ వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"పెద్దమ్మా, నిజం చెప్పు. పొద్దటిసంది పది మందికి ఫోన్ జేసిన. వంటావార్పు సంగతి ఎవ్వలకూ తెల్వదు. గీ పిలుపు ఎవలిచ్చిన్రు?"

"మూసీ ఇచ్చింది బిడ్డా."

అతను చేతిలోని మైకు వంక చూసుకున్నాడు.

"నువ్వు 'నాకు తెల్వదు' అంటవేమోనని నా పానం గుంజింది. గా మాట అన్నవా, గీ పిల్ల దక్కకపోతుండె."

యోగేందర్ మైకు కింద పెట్టి, రెండు చేతులూ చొక్కాకు తుడుచుకుని, బిడ్డను ఎత్తుకున్నాడు.