నా తలంబ్రాల మిషన్

సీతారాముల కల్యాణంలో, సరిగ్గా ముహూర్తం వేళకి, అమ్మవారి మంగళసూత్రాన్ని వాక్యూమ్ క్లీనర్‌లోకి పంపిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

ఐర్లండ్‌లోని అత్లోన్ అనే ఊళ్లో ఒక మందుల ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజినీర్ని. మాత్రల్ని సీసాల్లోకి పోసే యంత్రాలు చేయడం నా పని. భక్తి కూడా దండిగానే ఉంది. కొత్త యంత్రానికి బొట్టు పెట్టందే స్విచ్ వేయను. ఈ రెండు గుణాలూ విడివిడిగా ఉన్నంతకాలం ఎవరికీ ఏ ప్రమాదమూ జరగలేదు.

ఆ ఏడు శ్రీరామనవమికి, ఊళ్లో తెలుగువాళ్లందరికీ పెద్దదిక్కయిన సరస్వతి ఆంటీ కాళ్లరిగేలా తిరిగి ఒక హాలు సంపాదించారు. దాన్ని చూసుకునే మైకెల్ ఒకటే షరతు పెట్టాడు. కొత్తగా పాలిష్ చేసిన చెక్కనేల మీద బియ్యపుగింజ కనబడితే మళ్లీ హాలు ఇవ్వడు. మాకా, ఇంకో హాలు దొరికే దారి లేదు.

"తలంబ్రాలు లేకుండా కల్యాణం ఎలారా?" అని ఆంటీ దిగులుపడ్డారు.

"నేనున్నానుగా ఆంటీ!" అన్నాను. అప్పుడే ఎవరైనా నా నోరు మూసుంటే ఎంత బాగుండేది!

విగ్రహాల పైన తలంబ్రాల డబ్బా బిగించాను. కింద వెడల్పాటి పళ్లెం, దాని అడుగున కన్నం, కన్నానికి వాక్యూమ్ గొట్టం. మడి ఉండాలి కదా, వాక్యూమ్ కూడా కొత్తదే కొన్నాను. తలంబ్రాలు పైనుంచి పడతాయి, నేల తాకకముందే గొట్టం లాగేస్తుంది. స్విచ్ నొక్కే శ్రమ కూడా ఎందుకని, గట్టిమేళం వినగానే దానంతటదే మొదలయ్యేట్టు, మేళం ఆగితేనే ఆగేట్టు సెన్సార్ పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గట్టిమేళం మోగేది మంగళసూత్రం కట్టేటప్పుడనీ, తలంబ్రాలు ఆ తర్వాతనీ, ఇన్ని పెళ్లిభోజనాలు తిన్న నాకు తట్టనే లేదు.

జీలకర్రబెల్లం అయ్యాక మిషన్‌కి ప్లగ్ పెట్టాను. మామూలు రోజుల్లో సాఫ్ట్‌వేర్, పండగలకి పౌరోహిత్యం చేసే మా శాస్త్రిగారు మంగళసూత్రం పైకెత్తి అందరికీ చూపించి, "గట్టిమేళం!" అన్నారు. స్పీకర్లో సన్నాయి, డోలు అందుకున్నాయి. మిషన్ కూడా విన్నది. సీతమ్మ మీదా, రాముడి మీదా, శాస్త్రిగారి నెత్తి మీదా కుండపోతగా తలంబ్రాలు కురిశాయి. ఆయన ఉలిక్కిపడ్డారు. సూత్రం చేజారి పళ్లెంలో పడింది. గొట్టం దాన్ని గుటుక్కున మింగేసింది.

"ఏమయ్యా, సూత్రం ఏదయ్యా?"

"లోపలుందండి."

"లోపలంటే?"

"బాగా లోపలండి."

"ముందా దయ్యాన్ని ఆపు!"

"మేళం ఆపితేగానీ అది ఆగదండి."

"సూత్రం కట్టేదాకా మేళం ఆపకూడదయ్యా!"

"మిషన్ ఆగితేగానీ సూత్రం రాదండి."

"రామ రామ! ముహూర్తం దాటిపోతోందిరా, ఏదో ఒకటి చెయ్యి!" అన్నారు ఆంటీ. ఆవిడ కళ్లల్లో నీళ్లు చూసి గోడ దగ్గరికి పరిగెత్తి ప్లగ్ పీకేశాను. స్పీకర్ కూడా ఆ బోర్డు మీదే ఉంది. మిషనూ మేళమూ ఒక్కసారే ఆగిపోయాయి. ఆడవాళ్లు తడుముకోకుండా గరిటెలు తీసి కంచాలు వాయించడం మొదలుపెట్టారు. నేను వాక్యూమ్ సంచీ ఊడలాగాను. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి తలకిందులుగా లాగాను. పసుపు బియ్యం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుంది. నలుగురూ నేల మీద పడి వెతికితే సూత్రం దొరికింది. శాస్త్రిగారు దాన్ని పసుపునీళ్లతో కడిగి, ముహూర్తం దాటకముందే కట్టించారు.

అప్పుడు తలుపు తీసుకుని మైకెల్ వచ్చాడు. కంచాల మోత బయటికి వినబడిందట. నేల వైపు చూశాడు.

"ఏమిటిది?"

"పెళ్లి," అన్నారు ఆంటీ నీరసంగా.

"ఎవరిది?"

"మా దేవుడిది."

మైకెల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "గ్రాండ్," అన్నాడు, ఇక్కడివాళ్లు 'సరే' అనే తీరులో. "దేవుడి పెళ్లికి నేల ఊడ్చుకోలేమా? వచ్చే ఏడు కూడా ఇక్కడే చేసుకోండి. బియ్యం మీ ఇష్టం. ఆ మిషన్ మాత్రం నా హాలు గడప తొక్కకూడదు."

శాస్త్రిగారికి అది చాలలేదు. అక్కడికక్కడే నన్ను పీట మీద కూర్చోబెట్టి, అరచేతిలో నీళ్లు పోసి, గోత్రనామాలతో సహా సంకల్పం చెప్పించారు.

"ఐర్లండ్ ద్వీపే, షానన్ నదీతీరే, సీతారామ సన్నిధౌ, ఇతఃపరం యంత్రం న కరిష్యే", అంటే ఇకపైన యంత్రం చేయను, అన్నాను వినయంగా.

"గట్టిగా చెప్పించండి శాస్త్రిగారూ, వెనకవాళ్లకి వినబడలేదు," అన్నారు ఆంటీ.

గట్టిగా మళ్లీ చెప్పి, నీళ్లు వదిలాను.