సత్యానందం మాస్టారు అడిగిన ప్రశ్నలు

మా వ్యాయామాచార్యులు సత్యానందం మాస్టారు ప్రభువునందు నిద్రించారని వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పారు. పి.గన్నవరం బస్సు కోసం నిలబడ్డవాణ్ణి అక్కడే కూలబడిపోయాను. ఊహించని కబురేం కాదు. అయినా వచ్చిన బస్సు ఎక్కలేదు. అమలాపురం సంతాపసభలో వక్తలందరూ ఆయన్ని ధీరచిత్తుడన్నారు, భయమెరుగని మహనీయుడన్నారు. నేను సిగ్గుతో తల దించుకు కూర్చున్నాను. ఎందుకో చెప్పాలి.

తొంభైల్లో మా కాలేజీకి వచ్చిన కొత్తలో ఆయనకి క్రీడా మనోవిజ్ఞానమంటే వల్లమాలిన మోజు. మూర్తిమత్వ సిద్ధాంతాలన్నీ కంఠోపాఠం. అంతర్ముఖులు ఈ ఆటకి, బహిర్ముఖులు ఆ ఆటకి అని విభజించేవారు. పుట్టుకతో వచ్చిన గుణం ఏ మైదానంలోనైనా ఒకటేనని గాఢంగా నమ్మేవారు. వాలీబాల్ జట్టు ఎంపికప్పుడు మమ్మల్ని ఒక్కొక్కర్నీ పిలిచి ప్రశ్నలడిగారు.

"నలుగురిలో కలుస్తావా?"

"ఆయ్."

"ఒంటరిగా ఉండటం ఇష్టమా?"

"ఆయ్, ఇష్టమేనండీ."

ఎవర్ని ఏదడిగినా ఆయ్ అనేవాళ్ళే; గురువుగారి మాట కాదనడం మా కోనసీమ పిల్లలకి చేతకాదు. "పోటీలో ధైర్యంగా ఉంటావు కదూ?" అన్నప్పుడూ అందరూ ఔనన్నారు. నేనొక్కణ్ణే "లేదండీ, చేతులు వణుకుతాయండీ" అన్నాను. నిజంగానే వణికేవి మరి. ఆందోళన స్వభావమని తేల్చి నన్ను తీసేశారు.

కొత్తపేట పోటీలో ఆ ధైర్యవంతులంతా బిగుసుకుపోయారు. కొట్టిన సర్వీసు వల దాటలేదు. చిత్తుగా ఓడిపోయాక, "భయమేస్తుందని ముందే చెప్పొచ్చు కదరా!" అని మాస్టారు కోప్పడ్డారు.

"తమరే ధైర్యంగా ఉంటావు కదూ అనడిగేరండీ. కాదని ఎలా అంటామండీ?" అన్నాడు కెప్టెన్.



మర్నాడు పొద్దున్నే మాస్టారు మా ఇంటికొచ్చారు. అమ్మ కంగారుగా కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. "తప్పు చేసేనమ్మా. మీవాడు నిజం చెప్తే లోపమనుకున్నాను. ఆ జవాబుల్లో నాకు దొరికింది పిల్లల స్వభావం కాదు, నా మీద వాళ్ళకున్న మర్యాద" అని చేతులు జోడించారు.

"అయ్యో, ఎంతమాటండీ!" అంటూ అమ్మ కళ్ళొత్తుకుంది. నాకైతే ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

అటుపైన ఆయన ఎవరికీ స్వభావముద్ర వేయలేదు. "మనిషి ఒక్కడే చాలడురా, ఆ మనిషి నిలబడ్డ చోటు కూడా చూడాలి" అనేవారు. నిన్న తడబడ్డవాణ్ణి ఇవాళ మళ్ళీ దింపేవారు. నన్ను వణికే చేతులతోనే ఆడించారు. గెలిచిన రోజులున్నాయి, ఓడిన రోజులూ ఉన్నాయి. ఏనాడూ పిరికివాడన్న మాట ఆయన నోట రాలేదు.

కిందటి నెల చూడ్డానికి వెళ్ళాను. మంచంలో సగమైపోయారు. నా చెయ్యి పట్టుకుని, "భయంగా ఉందిరా రాంబాబూ" అన్నారు. ఇంట్లోవాళ్ళకి కూడా ఆ మాట చెప్పలేదని తర్వాత తెలిసింది.

"మీకు భయమేంటండీ! మీ అంత ధైర్యవంతులు ఎవరున్నారండీ!" అనేశాను. మర్యాద అనుకున్నాను.

ఆయన "అంతేలే" అని చెయ్యి వదిలేశారు.

తప్పు తెలిసిన మర్నాడే శిష్యుడి గుమ్మంలో నిలబడగలిగిన ఆచార్యుడాయన. అంతటి వినయం మళ్ళీ చూస్తామన్న ఆశ నాకు లేదు. నా తప్పు నాకు తెలిసేసరికి ఆయన సమాధి మీద పూలు కూడా వాడిపోయాయి.

మాస్టారూ, మీకు భయమేసిందండీ. నేను విననే లేదండీ.