ఆంటీ వేలి కొలత

ఎయిటీస్‌లో, అమెరికాలో, పిస్కాటవేలో మా పక్కింటి ఆంటీ ఒక్కతే ఉండేది. వాళ్ళబ్బాయి మంచుమీద జారే స్నోబోర్డ్ మీంచి పడి చనిపోయాడు. బూట్లు పెద్దవి, బోర్డు సన్నం. బోర్డు అంచు దాటిన బూటు కొన మంచుకి తగిలి బోల్తాపడ్డాడట.

ఆ తర్వాత ప్రతి చలికాలం ఆవిడ కొత్త బోర్డు కొనేది. వాళ్ళబ్బాయిదీ నాదీ ఒకే బూటు సైజని నన్ను గరాజ్‌లోకి పిలిచి, బూట్లతో దానిమీద నిలబెట్టేది. అంచు దాటిన బూటు కొనకి చూపుడువేలు ఆనించి, "వేలి మందం కంటే బయటికి రాకూడదు నాన్నా," అనేది. కాదనలేకపోయేవాణ్ణి.

కాలేజీలో చేరేసరికి నా పాదాలు పెరగడం ఆగింది. "ఈసారి పాత బోర్డే చాలు ఆంటీ," అన్నాను.

"నీకు చాలు. వాడికి ఇరుకైంది," అంది గుమ్మం వైపు చూస్తూ.

అక్కడ నా బూట్లకంటే పెద్ద జత ఉంది. వాటికంటిన మంచు ఇంకా కరుగుతోంది.