పాముచేపకు పోసిన పాలు

పోయిన వేసవిలో నాకు అయిదో నెల. ఆళ్లగడ్డలో మా ఇంటి ముందుగదే చేపల అంగడి. భార్య కడుపుతో ఉంటే భర్త పామును చంపకూడదని మా అత్త నా భర్తకు పదేపదే చెప్పేది.

ఒకరోజు నంద్యాల నుంచి వచ్చిన ఐసు పెట్టెలో, సముద్రపు చేపల మధ్య చేయంత పొడవున బూడిదరంగు పాములాంటిది కనిపించింది. ఆయన కత్తి పక్కన పెట్టి, సరుకు పంపినాయనకు ఫోన్ చేశాడు.

“పాము కాదప్పా! సముద్రం అడుగున తిరిగే పాముచేప. ఎప్పుడో సచ్చింది, కోసెయ్.”

కోశాడు. లోపలంతా గుడ్లే. అమ్మకుండా పెరట్లో గుంత తీసి పూడ్చేశాడు. “అది గూడా కడుపుతో ఉండె” అని, ఆ పూట అన్నం ముట్టలేదు.

అదే వారం నంద్యాలలో స్కానింగ్ తీసి, బిడ్డ గుండె ఆగిపోయి చాలా రోజులైందని డాక్టరమ్మ చెప్పింది. ఆస్పత్రి వరండాలోకి రాగానే ఆయన అన్నాడు.

“నేనే సంపుకుంటిని.”

“ఏం మాటది? నువ్వు చేప కోయకముందే పోయిందని చెప్పె గదా!” అన్నాను. ఆయన వినిపించుకోలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు, నాకోసం పెట్టించిన పాలు ఎప్పటిలాగే వచ్చాయి. వద్దని చెప్పాలని ఎవరికీ గుర్తురాలేదు. ఆయన ఆ గిన్నె తీసుకుని పెరట్లోకి పోయాడు. పామును చంపినవాళ్లు క్షమించమని పోసినట్టే, ఆ గుంత మీద పాలు పోస్తున్నాడు.

ఆయన తప్పేమీ లేదని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఆపాలనే వెళ్లాను. కానీ ఆయన చేతిలోంచి గిన్నె అందుకుని, మిగిలిన పాలు నేనే పోశాను.