ఎత్తించిన ఇల్లు

తెనాలిలో మా వీధికి ఎప్పుడు కొత్త రోడ్డు వేసినా పాతదాన్ని తవ్వరు. దాని మీదే ఇంకో పొర సిమెంటు పోస్తారు. అలా పోస్తూ పోస్తూ వీధి పైకి లేచింది, మా ఇల్లు గుంటలో పడింది. వాన గట్టిగా కురిస్తే మురుగుకాలవ నీళ్లు మొదట వచ్చేది నా గదిలోకే. చిన్నప్పుడే పోలియో వచ్చిన కాళ్లు నావి. మంచం మీద కూర్చుని, వదిన చెప్పులు గదిలో తేలుతుంటే చూస్తూ ఉండేదాన్ని.

అందుకని మా అన్నయ్య ఇంటిని ఎత్తించాడు. కొత్తవాళ్లకు ఈ మాట వింతగా ఉంటుంది గాని మా వైపు ఇది మామూలే. ఉత్తరాది నుంచి పనివాళ్లు వస్తారు. గోడల కింద వరసగా జాకీలు పెట్టి అందరూ ఒకేసారి తిప్పుతారు. గోడకున్న గడియారంతో సహా ఇల్లు ఇల్లంతా కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. కింద ఇటుకలు పేర్చి కట్టేస్తారు. ఆ పని సాగినన్నాళ్లూ నన్ను రేపల్లెలో మా పిన్ని ఇంట్లో ఉంచారు. పిన్నిది స్టేషనుకు దగ్గర్లో చిన్న డాబా, గుమ్మం వీధికి సమానంగా ఉంటుంది. సాయంత్రాలు చక్రాల కుర్చీ నేనే తోసుకుంటూ వెళ్లి, వీధి చివర బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిని వచ్చేదాన్ని. ఎక్కడికి పోతున్నావని పిన్ని ఒక్కసారి కూడా అడగలేదు. అది గొప్ప విషయమని అప్పుడు నాకు తోచలేదు.

తిరిగి వచ్చేసరికి మా ఇల్లు వీధిలో అందరికంటే ఎత్తుగా, కొత్త రంగు వేసుకుని నిలబడి ఉంది. గేటు నుంచి వరండా దాకా నిటారుగా మెట్లు. లెక్క బేసిగా ఉండాలని ఇంకో మెట్టు కలిపి మరీ కట్టించారట. అన్నయ్య నన్ను ఆటోలోంచి ఎత్తుకుని పైకి తీసుకెళ్లి నా గదిలో కూర్చోబెట్టాడు.

"ఇంక నీకు నీళ్ల భయం లేదమ్మా," అన్నాడు.

అన్నయ్య మొహంలో అంత సంతోషం చూసి చాలా రోజులైంది. నేనూ నవ్వాను. మర్నాడు నేను పనికి ఎలా వెళ్లాలన్నది ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

నేను బజారులో ఒక కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేదాన్ని. వచ్చినవాళ్లకు ఫ్రేములు చూపించడం, ముక్కు మీద సరిగ్గా కూర్చునేలా వాటిని వంచి ఇవ్వడం నా పని. ఇల్లు పల్లంలో ఉన్నన్నాళ్లూ గుమ్మానికి ఒక చెక్క వాల్చుకుని కుర్చీతో సహా వాకిట్లోకి జారేదాన్ని. గేటు దగ్గర పక్క చక్రాలున్న నా స్కూటీ ఉండేది. చేతుల మీద బరువు వేసి దాని మీదికి మారి, బజారుకు పోయేదాన్ని. దుకాణంలో ఇంకో కుర్చీ ఉండేది. ఇందులో ఎవరి సాయమూ లేదు. సరిగ్గా అదే పోయింది.

అన్నయ్యకు కొల్లిపర వైపు పసుపు, అరటి తోటలున్నాయి. తెల్లవారకముందే బయల్దేరతాడు. నన్ను దించాలంటే అప్పుడే దించాలి, దుకాణం తెరిచేదేమో ఎండెక్కాక. మొదట్లో చీకట్లోనే దిగి, పక్కింటివాళ్ల రేకుల కింద స్కూటీ మీదే కూర్చునేదాన్ని. వచ్చేపోయేవాళ్లంతా ఏంటమ్మా ఇక్కడున్నావని పలకరించేవాళ్లు. తర్వాత మంచినీళ్ల టిన్నులు వేసే అతన్ని వదిన కుదిర్చింది. అతను టిన్ను పైకి మోసుకొచ్చి, ఖాళీ టిన్నుకు బదులు నన్ను కిందికి మోసుకెళ్లేవాడు. మర్యాదస్తుడు, నేలచూపులు చూస్తూనే ఎత్తుకునేవాడు. అయినా పరాయి మగవాడి చెమట వాసన నా జాకెట్టుకు అంటుకుని సాయంత్రం దాకా ఉండేది. నాకు ఏడుపొచ్చేది. అతను రాని రోజు పనికి సెలవు. అతను వస్తాడో రాడో తెలియక పొద్దున్నే తలదువ్వుకుని వరండాలో కూర్చున్న రోజులు ఎన్నో.

ఆ రోజుల్లోనే బాపట్లలో వదిన తరఫు వాళ్ల పెళ్లికి వెళ్లాం. భోజనాలు మేడ మీద. పెళ్లివారి కుర్రాళ్లు నలుగురు నన్ను కుర్చీతో సహా ఊరేగింపులో ఉత్సవ విగ్రహంలా పైకి మోసుకెళ్లారు. ఎంత మంచి పిల్లలో అని అందరూ మెచ్చుకున్నారు. నేను తిని చెయ్యి కడుక్కునేసరికి వాళ్లు పెళ్లికొడుకుతో ఫొటోలకు పోయారు. పంక్తులు అయిపోయాయి, విస్తళ్లు తీసేశారు, నేల కడిగారు. కింద తలంబ్రాల సందడి వినిపిస్తూనే ఉంది. బాత్రూముకు వెళ్లాలని ఎవరితో చెప్పను? మోయడానికి ఊరంతా సిద్ధమే. ఒక ర్యాంపు కట్టడానికే ఎవరికీ చెయ్యి రాదు.

ఇంటికి రాగానే అన్నయ్యను అడిగేశాను. మెట్ల పక్కన ర్యాంపు కట్టించు, నా దారిన నేను పోతాను అన్నాను. కాదనలేదు. వాస్తు సిద్ధాంతిగారిని తీసుకొచ్చాడు. ఆయన దిక్సూచి పట్టుకుని అటూ ఇటూ తిరిగి, మెట్ల పక్కన ఉన్న ఖాళీ అంతా ఈశాన్యమేనని తేల్చారు. ఈశాన్యం పల్లంగా, తేలిగ్గా ఉండాలి. అక్కడ మట్టి పోసి ఎత్తు చేస్తే ఇంటి యజమానికే గండమట. రెండో పక్కన కట్టుకోవచ్చు గాని అక్కడ సెప్టిక్ ట్యాంకు ఉంది.

"నాకేదన్నా అయితే నిన్నెవరు చూస్తారమ్మా?" అన్నాడు అన్నయ్య.

 నా ప్రాణానికి గండమంటే పోట్లాడొచ్చు, నా కోసమే తన ప్రాణం కాపాడుకుంటానంటే నోరెలా పెగులుతుంది? ప్రేమతో వేసిన తలుపుకు గడియ ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

సెలవులు పెరిగాయి. దుకాణం యజమాని మంచివాడే, చాలా ఓపిక పట్టాడు. చివరికి ఒక రోజు ఫోన్ చేసి, నా చోట ఇంకో అమ్మాయిని పెట్టుకున్నానని, ఏమీ అనుకోవద్దని, ఇల్లు సర్దుకున్నాక చూద్దామని నసుగుతూ చెప్పాడు. సరేనండి అన్నాను.

ఆ వారంలోనే అన్నయ్య కరెంటు స్కూటరు కొన్నాడు. బ్యాటరీ ఊడి బయటికి రాదు, బండినే ప్లగ్గు దగ్గరికి తేవాలి. ప్లగ్గు వరండాలో ఉంది. తాపీమేస్త్రి వచ్చాడు, మెట్ల పక్కన మట్టి పోశాడు, సిమెంటు చేశాడు, టైర్లు జారకుండా అడ్డంగా గాట్లు పెట్టాడు. రెండు రోజుల్లో ర్యాంపు లేచింది, సరిగ్గా ఈశాన్యంలో. సిద్ధాంతిగారిని అడిగితే రాగిరేకు మీద యంత్రం రాసిచ్చారట, అది పాతిపెడితే దోషం ఉండదట.

ర్యాంపు అంచు దాకా కుర్చీ తోసుకెళ్లి చూశాను. బండి కోసం కట్టింది, గోడకు నిచ్చెన వేసినట్టు నిటారుగా ఉంది. చక్రం వదిలితే నేరుగా కాలవలో పడతాను.

"మొత్తానికి నీక్కూడా పనికొచ్చేలా కట్టించాను," అన్నాడు అన్నయ్య వెనకనుంచి. వెక్కిరింపు కాదు, నిజంగానే అన్నాడు.

"నేనడిగితే గండం అన్నావు. బండి అడిగితే యంత్రం దొరికిందా అన్నయ్యా?"

 అన్నయ్య నా కుర్చీని అంచు నుంచి మెల్లగా వెనక్కి లాగి, చాలా మెత్తగా అడిగాడు.

"ఇప్పుడు నీకు ఎక్కడికెళ్లాలమ్మా? ఇక్కడ నీకేం తక్కువయ్యింది?"

ఆ ప్రశ్న ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉంది కాబోలు, ఇవాళ నోటికొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వు గేటు దాటేటప్పుడు ఎవరికి చెప్పి దాటుతున్నావని అడగాలనుకున్నాను. కానీ దుకాణంలో నా కుర్చీ ఉండిపోయింది, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా ఉన్నాయి. కొత్తమ్మాయికి అవి అడ్డం. వెళ్లి తెచ్చుకోవాలి, కొంచెం దించు అన్నయ్యా అన్నాను.

చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చి, నన్ను ఎత్తుకున్నాడు.