నా చేతుల కొలతకు చేయించుకున్న ఆటపెట్టె

పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఒక్క వస్తువు లేదు. ఫోన్ చార్జరు అందరిదీ. గొడుగు ఎవరు ముందు బయటికి పోతే వాళ్ళది. నా దువ్వెనతో మా ఆయన తల దువ్వుకుంటాడు, నా చెప్పులేసుకుని మా అత్త అంగడికి పోయొస్తుంది. ఇదేదో పెద్ద కష్టమని చెప్పడం లేదు. ధర్మవరంలో మూడు గదుల ఇంట్లో ఐదుగురం ఉంటాం, ఎవరిదేదో చూసుకుంటూ కూర్చుంటే సంసారం సాగదు. కానీ రోజూ పొద్దున్నే రైలెక్కి పెనుకొండకు పోయి, ఆరు పీరియడ్లు నిలబడి ఎనిమిదో తరగతికీ తొమ్మిదో తరగతికీ లెక్కలు చెప్పి, మళ్ళీ రైల్లో నిలబడి ఇంటికొచ్చే మనిషికి, ముట్టుకోగానే ఇది నాది అనిపించే వస్తువు ఒక్కటైనా కావాలనిపిస్తుంది. నాకు అనిపించింది. ఆ వస్తువు ఫైట్ స్టిక్ కావడమే మా వాళ్ళకు మొదట్లో మింగుడుపడలేదు.

ఫైట్ స్టిక్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. పాత వీడియో గేముల అంగళ్ళలో మిషను ముందు నిలబడి ఆడేటప్పుడు చేతుల కింద ఒక లివరు, కొన్ని బటన్లు ఉండేవి. ఆ ముక్కను మాత్రం ఒళ్ళో పెట్టుకునేంత పెట్టెలో బిగిస్తే అదే ఫైట్ స్టిక్. వైరుతో కంప్యూటరుకు తగిలించి గుద్దులాట గేములు ఆడుకోవచ్చు. ఎడమ చేతికి లివరు, కుడి చేతికి బటన్లు. తయారుగా కూడా దొరుకుతాయి. కానీ తయారుగా దొరికేవన్నీ ఎవరో మగవాడి చేతికి చేసినట్టు ఉంటాయి. నా చిటికెన వేలు చివరి బటన్ను అందుకోవాలంటే చెయ్యంతా జరపాలి. సాయంత్రం దాకా బోర్డు మీద రాసి వచ్చిన చెయ్యి జరగనంటుంది. అందుకే నా చేతుల కొలతకు నేనే చేయించుకోవాలనుకున్నాను.

ఈ పిచ్చి అంటించింది మా నాయన. హిందూపురం బస్టాండు వెనక సందులో ఆయన వీడియో గేముల అంగడి నడిపేవాడు. నాలుగు మిషన్లు, ఒక టేబుల్ ఫ్యాను. ఆడపిల్లలు ఆ సందులోకే వచ్చేవాళ్ళు కాదు. నేను అంగడాయన కూతుర్ని కాబట్టి ఆదివారం పొద్దున ఆయన మిషన్లు తుడిచే వేళకు స్టూలెక్కి ఆడేదాన్ని. ఎవరైనా చూసి అడిగితే, మిషను సరిగ్గా ఉందో లేదో చూస్తోందని నాయన చెప్పేవాడు. లివరును కింది నుంచి మూలగా ముందుకు తిప్పి, ఆ వెంటనే బటను గుద్దితే తెరమీద మనిషి చేతుల్లోంచి నిప్పు ఎగిసేది. పదేళ్ళ వయసులో అంతకంటే గొప్ప సంగతి నాకు తెలియదు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, అంగడి మూతపడింది.

వేసవి సెలవుల్లో హిందూపురం పోయినప్పుడు నా ఆలోచన చెప్తే నాయన ఎందుకని అడగలేదు. అటక మీద నుంచి రేకుడబ్బా దించి, పాత మిషను లివరు ఒకటి తీసి కిరసనాయిలుతో కడిగాడు.

"నీ చెయ్యి యాడ అలిసిపోతాదో ముందు అది చెప్పుమా" అన్నాడు.

మణికట్టు దగ్గర అన్నాను. ఆయన లివరులో ఉన్న గట్టి స్ప్రింగు తీసేసి మెత్తనిది వేశాడు. లివరు తిరిగే చోట కింద నలుచదరంగా ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. దాని మూలల్ని ఆకురాయితో అరగదీసి, తిప్పి చూడమన్నాడు. తిప్పాను. మళ్ళీ అరగదీశాడు. పైన పట్టుకునే గుండు కూడా పెద్దది తీసేసి, నా వేళ్ళ సందులో ఇమిడే చిన్న గుండు పెట్టాడు. ఒక మధ్యాహ్నమంతా నా చేతి గురించి తప్ప ఇంకో మాట రాలేదు. నన్ను అంతసేపు ఎవరైనా పట్టించుకుని ఎన్నాళ్ళయిందో అనిపించింది. నా ముఖం ఆయనకు కనబడకుండా నీళ్ళు తాగే నెపంతో లోపలికి పోయాను.

ఇక పెట్టె కావాలి. ధర్మవరంలో వడ్రంగికి ఇద్దామనుకుంటుంటే మా మామ అడ్డం పడ్డాడు. మా మామ అట్టలు కొట్టేవాడు. పట్టుచీర మగ్గం పైన జకార్డు అని ఒకటి ఉంటుంది, దానికి బొక్కలు కొట్టిన అట్టలు దండలా గుచ్చి వేలాడదీస్తారు. ఏ బొక్క ఎక్కడ ఉంటే చీర మీద ఆ పువ్వు అక్కడ పడుతుంది. గళ్ళ కాగితం మీద గీసిన డిజైను చూసి ఆ బొక్కలు కొట్టడమే ఆయన వృత్తి. ఇప్పుడు డిజైన్లు కంప్యూటర్లోంచి నేరుగా మగ్గానికి పోతున్నాయి. ఆయన దగ్గరికి అట్టల కోసం ఎవరూ వచ్చి చాలా కాలమైంది. పొద్దున పేపరు చదివి, అదే పేపరు మధ్యాహ్నం మళ్ళీ చదువుతాడు.

"బొక్కలే కదమ్మా కొట్టల్సింది? జన్మంతా కొట్టినా. నీ పెట్టెకు నేను కొడతా" అన్నాడు.

కాదనలేకపోయాను. మా తొమ్మిదో తరగతి పిల్లలు వాడే గ్రాఫ్ పేపరు తీసుకుని, రెండు చేతులూ దాని మీద ఆనించి, చుట్టూ పెన్సిలుతో గీశాను. ఎడమ చెయ్యి చోట లివరుకు గుర్తు పెట్టి, కుడిచేతి ఏ వేలు సహజంగా ఎక్కడ వాలిందో అక్కడ బటనుకు సున్నా చుట్టాను. లెక్కల టీచర్ని కదా, సెంటీమీటర్లతో సహా రాసి ఇచ్చాను. మామ ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి తల ఊపాడు.

పన్నెండు రోజులు చేశాడు. ఆ పన్నెండు రోజులూ పేపరు ఒక్కసారే చదివాడు. పదమూడో రోజు సాయంత్రం నేను రైలు దిగి ఇంటికొచ్చేసరికి పెట్టె మంచం మీద ఉంది. అంచులన్నీ ఏటవాలుగా చెక్కి వార్నిష్ పూశాడు. పైన అద్దంలాంటి ప్లాస్టిక్ షీటు, దాని కింద మామిడి పిందెల అంచున్న ఎర్ర పట్టుముక్క. వైర్లు కూడా మా ఆయన చేత బిగింపించాడు. అన్నీ ఉన్నాయి. లివరు మాత్రం కుడివైపు ఉంది, బటన్లు ఎడమవైపు ఉన్నాయి.

పై పలకను తిరగేసి బిగిస్తే సరిపోతుంది కదా అని నాకూ తోచింది. కుదరదు. లివరు కూర్చోవడానికి పలక అడుగున ఉలితో గుంట తవ్వాడు, అంచుల వాలు పైవైపే ఉంది. మామ నా ముఖం వైపే చూస్తున్నాడు.

"పన్నెండు దినాలు కూడు కూడా సరిగ్గా తినల్యా మీ మామ" అంది అత్త.

"శానా బాగుండాది మామా" అన్నాను.

ఆ మాట అన్నందుకు నా మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. స్కూల్లో టైమ్‌టేబుల్ ఎవరికి కుదరకపోయినా నా పీరియడే మారుస్తారు. రైల్లో కిటికీ పక్కన చోటు దొరికితే ఎవరో ఒకరు కొంచెం జరగమంటారు. ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్నిచోట్లా సర్దుకున్నాను, పోనీ. నా చేతుల కొలత తీసి చేయించుకున్న వస్తువుకు కూడా నేనే సర్దుకోవాలా?

సర్దుకున్నాను. రోజూ రైలు దిగి వచ్చాక, రాత్రి వంట మొదలుపెట్టే లోపల అరగంట నాది. ఆ అరగంట కుడిచేత్తో లివరు తిప్పడం నేర్చుకున్నాను. మొదటి వారం తెరమీద నా మనిషి పక్కకు గెంతడం, నేల మీద కూర్చోవడం తప్ప ఏమీ చెయ్యలేదు. నా కూతురు ఒకసారి ఆడి చూసి, ఇది తిక్క పెట్టె అని వెళ్ళిపోయింది. మా ఆయనకు విషయం చెప్పాను.

"మా నాయనకు చెప్పాకు, బాధపడతాడు. నీకు అలవాటైపోతాది లే" అన్నాడు.

అలవాటైపోయింది. ఐదో వారానికి కుడిచేత్తో నిప్పు పుట్టించాను. సంతోషమేమీ కలగలేదు. చెయ్యాల్సిన పని ఇంకొకటి అయిపోయింది అనిపించింది, అంతే.

ఆ శనివారం రైలు గంటకు పైగా ఆలస్యమైంది. పెనుకొండ ప్లాట్‌ఫారం మీద కాళ్ళు పీకేలా నిలబడి, బోగీలో నిలబడి, ఇంటికి చేరేసరికి మామ దగ్గరికి ఒక నేతగాడు వచ్చి కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు మామ కొట్టిన అట్టలతో నేసినాయన. పెట్టె ఆయన ఒళ్ళో ఉంది. ఆయన బటన్లన్నీ నొక్కి చూస్తున్నాడు.

"నా కోడలు గీసిచ్చింది గీసినట్లే కొట్టినా. ఒక్క బొక్క తప్పు పోల్యా" అంటున్నాడు మామ.

"తిరగబడిండాది మామా" అన్నాను.

భుజం మీద బ్యాగు కూడా దించలేదు. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని అందరికంటే ఆలస్యంగా నాకు తెలిసింది. "ఎడమ పక్క ఉండల్సింది కుడి పక్కకు వచ్చిండాది. నెల దాటిపాయ, నేను కుడిచేత్తో తంటాలు పడతాండా." వచ్చినాయన పెట్టెను మెల్లగా మంచం మీద పెట్టి, పనుందని లేచి వెళ్ళిపోయాడు. అత్త నా వైపు చూసిన చూపు నేను రాయను. పరాయివాడి ముందు ఇంటి పెద్దను అంత మాట అన్నందుకు సిగ్గేసింది. అయినా మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

మామ లేచి బీరువా పైనుంచి నా గ్రాఫ్ పేపరు తీశాడు. దాచి పెట్టుకున్నాడన్న సంగతి కూడా నాకు తెలియదు. పెట్టె పక్కన పెట్టి చూశాడు. తర్వాత కాగితాన్ని తిరగేసి, వెనక నుంచి వెలుతురుకు పట్టి చూశాడు. అప్పుడు మంచం మీద కూలబడ్డాడు.

"అవునమ్మా. నేను అట్ట కొట్టినా" అన్నాడు.

విడమరిచి చెప్తేగాని నాకు అర్థం కాలేదు. ఆయన అట్టలు కొట్టిచ్చిన మగ్గాల మీద చీర బోర్లా పడుతుంది. మంచి వైపు కింద ఉంటుంది, నేసేవాడికి కనిపించేది వెనక వైపు. అందుకని గళ్ళ కాగితంలో ఎడమన ఉన్నదాన్ని ఆయన అట్టలో కుడికి కొడతాడు. చిన్నప్పటి నుంచీ గళ్ళ కాగితాన్ని ఆయన చదివింది అలాగే. నేను తెల్లకాగితం మీద గీసి ఇచ్చి ఉంటే ఈ తప్పు జరిగేది కాదేమో. చేతులు గీసి ఉన్నా ఆయనకు చేతులు కనబడలేదు, గళ్ళే కనబడ్డాయి.

"ఇన్ని దినాలు ఏం చేసినావు మరి?" అని అడిగాడు.

"అలవాటు చేసుకున్నా."

ఆయనకు అప్పుడు కోపం వచ్చింది. "తప్పు అట్ట మగ్గానికెక్కితే నేసేవాడు పరిగెత్తుకుంటా వచ్చి చెప్పేవాడు. ఆ పొద్దే మార్చి ఇచ్చేవాణ్ణి. ఎవురూ నోరు మూసుకొని నేస్తా కూచోల్యా. నేసినంత పొడుగూ తప్పే పడతాదని వాళ్ళకు తెలుసు. నువ్వు సదువుకున్నదానివి, నీకు తెలీల్యా?"

ఆయనను బాధపెట్టకూడదని ఊరుకున్నానని చెప్పుకోవచ్చు. కానీ నిజంగా అయితే, చెప్పడానికి కూడా ఓపిక లేక ఊరుకున్నాను. సర్దుకోవడం నాకు చెప్పడం కంటే తేలిక.

మామ ఇంకో పలక తెచ్చాడు. ఈసారి నా కాగితాన్ని పలక మీదే అంటించి, పైన పెన్సిలుతో "మంచి వైపు" అని రాసుకున్నాడు. నాలుగు రోజుల్లో అయిపోయింది. ఆదివారం మధ్యాహ్నం బిగించి నా ఒళ్ళో పెట్టారు. ఎడమ చేతి వేళ్ళ సందులో గుండు ఇమిడింది. కుడిచేతి వేళ్ళు ఐదూ ఎక్కడ వాలితే అక్కడ బటను ఉంది. చిటికెన వేలు కూడా చాచాల్సిన పని లేదు. నా వస్తువు అంటే ఇదే, అచ్చంగా ఇదే. ఆట మొదలుపెట్టాను.

నా చేతులకు ఏమీ రాలేదు. లివరు తిప్పాల్సినప్పుడు కుడిచెయ్యి కదిలింది, గుద్దాల్సినప్పుడు ఎడమచెయ్యి బిగుసుకుంది. పదేళ్ళ వయసులో స్టూలెక్కి చేసింది ఇప్పుడు చెయ్యలేకపోతున్నాను. ఐదు వారాలు, రోజుకు అరగంట, అంతే కదా? అంత కొంచెంలోనే నా చేతులు తమ సంగతి మర్చిపోయి, ఇంకెవరికో కుదిరేట్టు తయారయ్యాయి. మిగతా అన్నిటికీ ఏళ్ళ తరబడి సర్దుకున్నదాన్ని, నాలో ఇంకా ఏమేం మర్చిపోయి ఉంటానో అనుకుంటే భయమేసింది. అందరి ముందూ ఏడ్చేశాను.

మా ఆయన పాపం మంచికే అన్నాడు. "ఆ పాత పలకే బిగిచ్చుకోరాదా? దానికి అలవాటు పడినావు కదా."

"వద్దు" అన్నాను.

గట్టిగానే వచ్చినట్టుంది. వంటింట్లోంచి అత్త తొంగి చూసింది. మళ్ళీ ఆట మొదలుపెట్టి, అన్నిటికంటే తేలికైన లెవెలు పెట్టుకుని, దాంట్లోనే ఓడిపోయాను. ఇప్పటికి మూడు వారాలైంది, ఓడిపోతూనే ఉన్నాను. నేను రైలు దిగి వచ్చి పెట్టె ఒళ్ళో పెట్టుకోగానే మామ వచ్చి పక్కన కుర్చీలో కూర్చుంటాడు.

"కుదిరిందామ్మా?" అని అడుగుతాడు.

"ఇంకా లేదు మామా" అని చెప్తాను.